బిల్లు సంగతి తర్వాత, ముందు పాప ఇంటికి వెళ్లాలి

ప్రశ్న: నమస్తే సార్. నేను కెనడాలో, మానిటోబా ప్రావిన్స్‌లో నర్సుగా చేస్తున్నాను. మా వార్డులో ఫస్ట్ నేషన్స్‌కి (ఇక్కడి ఆదివాసీ తెగలు) చెందిన ఆరేళ్ల పాప ఉంది. ఇంటికి పంపొచ్చని డాక్టర్లు చెప్పి ఏడు వారాలైంది. ఇంట్లో సక్షన్ మెషిన్ (గొంతులో కఫం లాగేది), ఫీడింగ్ పంప్ (ట్యూబు ద్వారా ఆహారం ఎక్కించేది), వారానికి కొన్ని గంటలు నర్సు ఉంటే చాలు. కానీ వాళ్లుండేది రిజర్వ్‌లో (ఆదివాసులకు కేటాయించిన భూమి) కాబట్టి ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వం వాళ్లను అడగమని ప్రావిన్స్ హోమ్ కేర్ (ఇంటి వద్ద వైద్య సంరక్షణ) వాళ్లంటున్నారు. హోమ్ కేర్ ప్రావిన్స్ పని అని అటువాళ్లంటున్నారు. గట్టిగా అడిగితే పాపను తన దగ్గర్నుంచి తీసేసుకుంటారని తల్లి భయపడుతోంది. చట్టంలో దీనికి దారుందా? నేను కల్పించుకుంటే నా ఉద్యోగానికి, ఇంకా రాని పీఆర్‌కి (శాశ్వత నివాస హక్కు) ఇబ్బందవుతుందా?

జవాబు: దారి ఉందమ్మా. అది కూడా మీ ప్రావిన్స్‌కి చెందిన ఒక పసివాడి పేరు మీదే ఉంది.

మానిటోబాలోని నార్వే హౌస్ క్రీ నేషన్ అనే ఫస్ట్ నేషన్‌కి చెందిన జోర్డన్ రివర్ ఆండర్సన్ 1999లో తీవ్రమైన ఆరోగ్య సమస్యలతో పుట్టాడు. రెండేళ్లు వచ్చేసరికి, ఇక ఆసుపత్రి అక్కర్లేదు, బయట ఇంట్లో ఉంచి చూసుకోవచ్చని డాక్టర్లు చెప్పారు. ఆ ఖర్చు తనది కాదంటే తనది కాదని ప్రావిన్స్, ఫెడరల్ ప్రభుత్వం రెండేళ్లకు పైగా వాదించుకున్నాయి. వాదన తెగలేదు. సొంతింట్లో ఒక్క రాత్రి కూడా పడుకోకుండానే ఆ బాబు 2005లో ఆసుపత్రిలో చనిపోయాడు. 2007 డిసెంబర్ 12న కెనడా పార్లమెంటు దిగువ సభ హౌస్ ఆఫ్ కామన్స్ ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా తీర్మానం చేసింది. జోర్డన్స్ ప్రిన్సిపుల్ అంటారే, అది ఇదే. ఫస్ట్ నేషన్స్ బిడ్డకు సేవ కావాల్సి వస్తే, ముందుగా ఎవరిని అడిగారో ఆ ప్రభుత్వమే ఖర్చు పెట్టాలి. అసలు ఎవరు భరించాలన్నది తర్వాత వాళ్లలో వాళ్లు తేల్చుకోవాలి.

ఈ గొడవ ఎందుకొస్తుందో ఒక్క మాటలో చెబుతాను. 1867 నాటి రాజ్యాంగ చట్టం ఆసుపత్రులను ప్రావిన్సులకు అప్పగించింది. ‘ఇండియన్స్’ని, వాళ్ల రిజర్వ్ భూముల్ని ఫెడరల్ ప్రభుత్వానికి ఇచ్చింది. (ఆ ఇండియన్స్ మనం కాదు, అక్కడి ఆదివాసులు. అక్కడి చట్టాలు చదివే మనవాళ్లు మొదట్లో ఇక్కడే తికమకపడతారు.) రిజర్వ్‌లో ఉండే రోగి ఈ రెండు గీతల మధ్య పడిపోతాడు. మీ దగ్గర జరుగుతున్నది కచ్చితంగా ఇదే.

కామన్స్ తీర్మానానికి మొదట్లో పళ్లు లేవు. రెండు ప్రభుత్వాలూ అధికారికంగా గొడవపడితేనే వర్తిస్తుందని, పిల్లవాడికి ఒకటికి మించి వైకల్యాలుండాలని ఇరుగ్గా అర్థం చెప్పుకుంటూ వచ్చారు. 2016 జనవరిలో కెనడా హ్యూమన్ రైట్స్ ట్రిబ్యునల్ దీన్ని వివక్ష అని తేల్చింది. 2017 మే ఉత్తర్వుల్లో ఇంకా స్పష్టంగా చెప్పింది. రిజర్వ్‌లో ఉన్నా బయట ఉన్నా, జబ్బు ఏదైనా, ఫస్ట్ నేషన్స్ పిల్లలందరికీ ఇది వర్తిస్తుంది. మిగతా పిల్లలకు అలాంటి సేవ మామూలుగా దొరకదన్న ఒక్క కారణంతో కాదనడానికి వీల్లేదు. బిడ్డ అవసరం ఏమిటన్నదే చూడాలి. గడువు కూడా పెట్టింది. అత్యవసరమైతే 12 గంటలు, లేకపోతే 48 గంటలు. అప్పటిదాకా జరిగిన వివక్షకు పరిహారంగా 2023లో ఫెడరల్ కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్ 2,300 కోట్ల డాలర్లు దాటింది. అంత డబ్బు కట్టాక కూడా ఏడు వారాలు ఒక పాపను వార్డులో ఉంచుతున్నారంటే నాకు కోపమే వస్తోంది.

ఇక మీరు చేయాల్సింది. ఇప్పటిదాకా జరిగింది ఫోన్లలో నడిచిన మాటలే అనిపిస్తోంది. ఎవరూ రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టినట్టు మీ ఉత్తరంలో లేదు. తల్లి గానీ, ఆమె అనుమతితో ఇంకొకరు గానీ ఆదివాసుల సేవలు చూసే ఫెడరల్ శాఖ ఇండిజినస్ సర్వీసెస్ కెనడాకు జోర్డన్స్ ప్రిన్సిపుల్ దరఖాస్తు పెట్టాలి. 24 గంటలూ పనిచేసే ఫోన్ లైన్ ఉంది. చాలా ఫస్ట్ నేషన్స్‌లో దీనికోసమే కోఆర్డినేటర్లూ ఉన్నారు, నేనైతే ముందు వాళ్లనే పట్టుకుంటాను. దరఖాస్తుకు ప్రాణం డాక్టర్ లెటర్. ‘పాపకు ఇంటి వద్ద సహాయం అవసరం’ అని రాస్తే సరిపోదు. ఏ పరికరం, ఎందుకు, వారానికి ఎన్ని గంటల నర్సు, అది లేకపోతే పాపకు ఏమవుతుంది, ఆసుపత్రిలో ఉండిపోవడం వల్ల ఇప్పుడు జరుగుతున్న నష్టం ఏమిటి, ఇవన్నీ ఉండాలి. వార్డులో ఉంటే ఇన్ఫెక్షన్ రావచ్చు, ఇంట్లో వాళ్లకూ తన భాషకూ పాప దూరమైపోతోంది. ఇవీ అవసరం కిందికే వస్తాయి.

లెటర్ ఎందుకింత ముఖ్యమంటే, కాగితాలన్నీ చేతికొచ్చాకే గంటలు లెక్కపెట్టడం మొదలుపెడతామని అధికారులు అంటుంటారు. ఒక్క కాగితం తక్కువైతే 48 గంటలు కాస్తా వారాలవుతాయి. దరఖాస్తులు గుట్టలుగా పేరుకుపోయి 2024లో ఆ వివాదం మళ్లీ ట్రిబ్యునల్ ముందుకే వెళ్లింది. కాబట్టి పంపిన రోజు, గంట, మాట్లాడినవాళ్ల పేరు ఒక పుస్తకంలో తల్లి చేత రాయించండి. ముందు హోమ్ కేర్‌కి పెట్టుకోండి, అక్కడ కాదంటే రండి అని తిప్పి పంపితే ఒప్పుకోవద్దు. అలా తిప్పడం కుదరదన్నదే 2017 ఉత్తర్వు. ఆ మాటను ఈమెయిల్‌లో రాసివ్వమనండి. నా అనుభవంలో ఆ ఒక్క అడుగుతోనే సగం కేసులు కదులుతాయి.

తల్లి భయం సంగతి. అది ఉత్తి అపోహ అనుకోకండి. తరాల తరబడి ఈ ప్రజల పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి, వాళ్ల భాషను, సంస్కృతిని మాన్పించే రెసిడెన్షియల్ స్కూళ్లకు లాక్కుపోయారు. ఫలానా తల్లికి బిడ్డ పుడితే తమకు చెప్పమని శిశు సంక్షేమ సంస్థలు కాన్పు కాకముందే ఆసుపత్రులకు వివరాలు పంపే ‘బర్త్ అలర్ట్’ పద్ధతిని మానిటోబా 2020 దాకా ఆపలేదు. ఆసుపత్రి మెట్లెక్కాలంటేనే జంకేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆమెకు మీరు చెప్పాల్సిన చట్టం ఒకటుంది. ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ (కెనడాలోని మూడు ఆదివాసీ సమూహాలు) పిల్లల గురించి 2020 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఫెడరల్ చట్టంలో 15వ సెక్షన్ చూడండి. పేదరికం, సరైన ఇల్లు లేకపోవడం, తల్లిదండ్రుల ఆరోగ్య పరిస్థితి, కేవలం ఇలాంటి కారణాలతో బిడ్డను తీసుకోకూడదు, అది బిడ్డ మేలుకు అవసరమైతే తప్ప. మెషిన్ లేకపోవడం తల్లి తప్పు కాదు, ప్రభుత్వం ఇవ్వకపోవడం. అయితే ఒక జాగ్రత్త. పరికరాలు త్వరగా వస్తాయన్న ఆశ చూపించి ‘స్వచ్ఛందంగా’ పాపను ఫోస్టర్ కేర్‌లో (ప్రభుత్వం తరఫున వేరే కుటుంబం పెంపకంలో) పెట్టమని ఎవరైనా కాగితం ఇస్తే, లాయర్ చూడకుండా ఆమె సంతకం పెట్టకూడదు. లీగల్ ఎయిడ్ మానిటోబాను అడగొచ్చు.

మీ గురించి. ఈ దరఖాస్తుకు సాయపడటం మీ వృత్తిలో భాగమే, ఎవరి మీదా ఫిర్యాదు కాదు. పీఆర్ తిరస్కరించడానికి ఇమిగ్రేషన్ చట్టంలో ఉన్న కారణాల్లో ఇది లేదు. మీ వర్క్ పర్మిట్ ఒకే యజమానికి ముడిపడి ఉంటే టెన్షన్ సహజమే. అందుకే ఒంటరిగా వెళ్లకండి. డాక్టర్‌నీ, డిశ్చార్జ్ చూసే సోషల్ వర్కర్‌నీ కలుపుకోండి, చేసింది పాప చార్టులో (వైద్య రికార్డు) నమోదు చేయండి. రేపు మానవ హక్కుల ఫిర్యాదు దాకా వెళ్లినా, దానికి సాయపడినవాళ్ల మీద కక్ష సాధించడాన్ని మానిటోబా హ్యూమన్ రైట్స్ కోడ్ ఒప్పుకోదు. మీకు నిజంగా ప్రమాదం ఉన్నది వేరే చోట. తల్లి అనుమతి లేకుండా పాప వివరాలు బయటికి పంపడం, చార్టును ఫోన్‌లో ఫొటో తీయడం, మన నర్సుల వాట్సాప్ గ్రూపులో సలహా కోసం పెట్టడం. ఆరోగ్య సమాచార చట్టం కింద దొరికిపోయేది అక్కడే. తల్లి అనుమతి రాతలో తీసుకోండి.

తిరస్కరిస్తే కారణం రాతలో ఇవ్వాలి. ఏడాదిలోపు అప్పీలు చేసుకోవచ్చు, దాన్ని బయటి నిపుణుల కమిటీ చూస్తుంది. అక్కడా కాదంటే, ఆ నిర్ణయం అందిన 30 రోజుల్లో ఫెడరల్ కోర్టులో జుడీషియల్ రివ్యూ (ఆ నిర్ణయం చట్టప్రకారం సరైనదేనా అని కోర్టు పరిశీలించడం) వేయాలి. ఈ 30 రోజులు దాటితే గడువు పెంచమని కోర్టును బతిమాలుకోవాల్సి వస్తుంది. 2013లో నోవా స్కోషియాకు చెందిన ఒక తల్లి, ఆమె బ్యాండ్ కౌన్సిల్ (ఆ ఫస్ట్ నేషన్ పాలక మండలి) కలిసి ఇలాగే వెళ్లి గెలిచారు. ఆమె బిడ్డకు ఇంటి సంరక్షణ కోసం నెలకు 2,200 డాలర్లకు మించి ఇవ్వబోమని ఫెడరల్ అధికారులు అన్నారు. ప్రత్యేక పరిస్థితుల్లో ఆ పరిమితి దాటాల్సిందేనని కోర్టు చెప్పింది.

ఒకటి మర్చిపోయేవాణ్ని. పాపను ఇంటికి చేర్చే ప్రయాణ ఖర్చు, తర్వాత చెకప్‌లకు తల్లితో కలిసి రానూపోనూ ఛార్జీలు, కరెంటు పోతే మెషిన్ నడవడానికి బ్యాటరీ, ఇవి కూడా ఈ దరఖాస్తులోనే రాయించండి. తర్వాత విడిగా అడిగితే మళ్లీ మొదటి నుంచి తిరగాలి.