బ్రేకులు బాగానే పడుతున్నాయి, అయినా విప్పి చూడాలా?

మీ కారుకు ఆరేళ్ళు, 45 వేల కిలోమీటర్లు తిరిగింది, బ్రేకులు బాగానే పడుతున్నాయి, అయినా సర్వీసు వాళ్ళు చక్రాలు విప్పి చూడాలంటున్నారు, ఇది అనవసరపు ఖర్చా అని అడిగారు. విప్పించండి. మీరుండేది 2024లో బుడమేరు వాగు వరద ముంచెత్తిన విజయవాడ సింగ్‌నగర్ అన్నారు కాబట్టి మరీ ముఖ్యంగా విప్పించండి.

పెడల్ తొక్కగానే బూస్టర్ మీ కాలి బలాన్ని పెంచి మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను నెడుతుంది. ఆ ఒత్తిడి బ్రేక్ ఆయిల్ ద్వారా సన్నని పైపుల గుండా నాలుగు చక్రాలకూ చేరుతుంది. బడిలో చదువుకున్న పాస్కల్ సూత్రమే ఇక్కడ పని చేస్తుంది. ముందు చక్రాల దగ్గర చక్రంతో పాటు తిరిగే పళ్ళెం లాంటి డిస్కు, దాన్ని పట్టే క్యాలిపర్ అనే బిగింపు ఉంటాయి. క్యాలిపర్‌లోని పిస్టన్, రాపిడికి అరిగే రెండు ప్యాడ్లూ డిస్కును చెరోవైపు నుంచి అదిమి పట్టేలా చేస్తుంది. వెనక డ్రమ్ములుంటే లోపలి లైనర్లు విచ్చుకుని డ్రమ్ముకు ఒరుసుకుంటాయి. కారు పరుగులోని శక్తి అంతా అక్కడ వేడిగా మారుతుంది. వేగం రెట్టింపైతే ఆ వేడి నాలుగు రెట్లవుతుంది. బెంజి సర్కిల్ దగ్గర 40 వేగంలో చక్కగా ఆగిన బండి, గుంటూరు హైవే మీద 80లో కూడా అలాగే ఆగుతుందని చెప్పలేం.

మీరు కాలితో తొక్కి చూసి నిర్ణయించుకోవడం ఎందుకు చాలదంటే, ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ ఆ మేరకు ముందుకు జరిగి అక్కడే నిలుస్తుంది. కొత్త ప్యాడ్ మందం సుమారు 10 మిల్లీమీటర్లుంటే, అది 3కి వచ్చినా పెడల్ దాదాపు మునుపటిలాగే తగులుతుంది. అరిగినప్పుడు కీచుమనే చిన్న రేకు కొన్ని ప్యాడ్లకు ఉంటుంది, అన్నిటికీ ఉండదు. ఆయిల్ డబ్బాలో మట్టం కొద్దికొద్దిగా తగ్గడం మాత్రం అరుగుదలకు ఒక గుర్తు. కారణం చూడకుండా పైన ఆయిల్ పోసేస్తే ఆ గుర్తు కూడా చెరిగిపోతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా కారు చక్రాలు మునిగేదాకా నీళ్ళలో ఉంది. శుభ్రం చేయించి నడిపాం, బ్రేకుల్లో ఏ తేడా తెలియలేదు. తర్వాతి సర్వీసులో ఆటోనగర్ మెకానిక్ ముందు చక్రం విప్పి చూపించారు. బయటి ప్యాడ్ సగానికి పైగా మిగిలి ఉంది, లోపలిది మాత్రం దాదాపు ప్యాడ్ వెనక ఉండే ఇనుప పలక దాకా అరిగిపోయింది. క్యాలిపర్ అటూ ఇటూ జారాల్సిన పిన్నులు బురదకూ తుప్పుకూ పట్టేశాయి. దాంతో పిస్టన్ వైపున్న ప్యాడ్ ఒక్కటే భారమంతా మోసింది. చక్రం సందుల్లోంచి టార్చి వేసి చూస్తే కనిపించేది బయటి ప్యాడే! ఆయన పిన్నులు శుభ్రం చేసి, బ్రేకులకు వాడే గ్రీజు పెట్టి, రెండు వైపులా కొత్త ప్యాడ్లు వేశారు. మీ కారు కూడా ఆ నీళ్ళు చూసి ఉంటే పిన్నులతో పాటు వెనక డ్రమ్ములు, హ్యాండ్ బ్రేక్ కేబుల్ కూడా చూపించుకోండి.

ఆయిల్ సంగతి ఎక్కువమంది పట్టించుకోరు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు దిగుతూ అదేపనిగా బ్రేకు తొక్కితే వేడెక్కిన పాత ఆయిల్లో ఆవిరి బుడగలు పుట్టవచ్చు. ఆవిరి నొక్కుకుపోతుంది, ఒత్తిడి చక్రానికి చేరదు, పెడల్ నేలకు దిగుతుంది. అందుకే దిగేటప్పుడు తక్కువ గేరులో ఉండాలి. ఇంజన్ ఆపి జార్చడం మరీ ప్రమాదం: బూస్టర్ సాయం ఒకటి రెండు తొక్కులకే అయిపోతుంది. ఆయిల్ సాధారణంగా రెండేళ్ళకోసారి మార్చాలి. ఆరేళ్ళలో ఎప్పుడూ మార్చలేదంటే ఈసారే మార్పించండి.

ఏబీఎస్ ఉంది కదా అని ఊరుకోకండి. అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది, అరిగిన ప్యాడ్‌కు బలం ఇవ్వదు.

ఏడాదికోసారి, లేదా 10 వేల కిలోమీటర్లకోసారి, ఏది ముందైతే అప్పుడు నాలుగు చక్రాలూ విప్పించండి. దగ్గర నిలబడి లోపలి ప్యాడ్ ఎంత మిగిలిందో చూపించమని అడగండి. ఈలోగా పెడల్ మెత్తగా దిగినా, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగినా, సర్వీసు దాకా నడుపుకుంటూ వెళ్ళకండి, మెకానిక్‌నే బండి దగ్గరకు పిలిపించండి.