పట్టపగలు సైకిల్‌కి లైటెందుకు?

వైజాగ్ నుంచి అమెరికాకో జర్మనీకో బ్రిటన్‌కో చదువుకో ఉద్యోగానికో కొత్తగా వచ్చి సెకండ్ హ్యాండ్ సైకిల్ కొన్నవాళ్లు ముందు తాళం గురించి అడుగుతారు. లైటు సంగతి నవంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడ్డప్పుడు గుర్తొస్తుంది. అది కొన్న రోజు నుంచే, ఎండలో కూడా వెలగాలి.

పగలు లైటేస్తే నవ్వుతారేమోనని మొహమాటపడకండి. మన దగ్గర 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బైకులకి, స్కూటర్లకి హెడ్‌లైటు ఆపే స్విచ్చే లేదు కదా. మొదట్లో ఎదురొచ్చే ప్రతివాడూ వేళ్లు మూసి తెరిచి "లైటు, లైటు" అని సైగ చేసేవాడు. ఇప్పుడెవరికీ పట్టదు.

వైజాగ్‌లో మద్దిలపాలెంలోనో ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గరో వెనక బస్సొస్తోందని హారనే చెబుతుంది. ఇక్కడ హారన్ పెద్దగా కొట్టరు. డ్రైవరు పక్కకి ఒక్క క్షణం చూసే చూపులోనే మీరు కనబడాలి. డెన్మార్క్‌లోని ఒడెన్సేలో 2004-05లో 3,845 మంది సైక్లిస్టులతో ఒక పరీక్ష చేశారు. చక్రానికి కట్టిన అయస్కాంతాలతో ఎప్పుడూ వెలిగే లైట్లు పెట్టుకున్నవాళ్లలో గాయాలైన ప్రమాదాలు 19 శాతం తక్కువ. ప్రమాదాలు ఎవరికి వాళ్లు చెప్పుకున్నవి కాబట్టి ఆ అంకెను అక్షరాలా పట్టుకోనక్కర్లేదు, మేలు మాత్రం ఉంది.

లైటు ఎంత వెలుగిస్తుందో ల్యూమెన్లలో కొలుస్తారు. రాత్రికి సరిపోయే 20 ల్యూమెన్ల లైటు ఎండలో ఆరిపోయినట్టే ఉంటుంది. వెనక ఎరుపు దాదాపు 100, ముందు తెలుపు 200 దాకా ఉన్నవి, డబ్బా మీద 'డే ఫ్లాష్' (పగటి కోసం గట్టిగా మిణుకుమనే పద్ధతి) అని రాసినవి తీసుకోండి. ల్యూమెన్లొక్కటే చూస్తే మోసపోతారు. వెలుగును ఒక దిక్కుకి పోగేసే లెన్సుంటేనే దూరానికి తెలుస్తుంది.

అంతకన్నా ఎక్కువమంది తప్పు చేసేది బిగించడంలో. సీటు కింది గొట్టం నిటారుగా ఉండదు, దాదాపు 73 డిగ్రీల కోణంలో వెనక్కి వాలి ఉంటుంది. దానికి లైటును నేరుగా బిగిస్తే ఆ వెలుగంతా రెండున్నర మీటర్ల వెనక తారు మీద పడుతుంది. కింద రబ్బరు ముక్క పెట్టి లైటును నేలకి సమాంతరంగా తిప్పండి. తర్వాత పదిహేను అడుగులు వెనక్కెళ్లి, కారు డ్రైవరు కన్నుండే ఎత్తుకి వంగి చూడండి. ఎక్కడ నుంచి చూస్తే కళ్లకి గుచ్చుకుంటోందో తెలిసిపోతుంది. అమెరికా, జర్మనీల్లో కార్లు మీ ఎడమ పక్క నుంచి దాటతాయి కాబట్టి లైటును కాస్త ఎడమకి, బ్రిటన్‌లో కుడికి జరపండి. పొడుగు కోటు, వీపు సంచి దాన్ని కప్పేస్తాయి. ఇక ఇండియన్ స్టోర్ నుంచి పది కిలోల సోనా మసూరి క్యారియర్ మీద వేసుకొచ్చే రోజు సీటు కింద లైటు ఉన్నా లేనట్టే, దాన్ని క్యారియర్ చివరకి మార్చండి.

మిణుకుమిణుకుమనే లైటుకే పగలు చూపు త్వరగా తిరుగుతుంది. కానీ జర్మనీలో సైకిల్‌కి మిణుకు లైటు చట్టవిరుద్ధం. అక్కడ అలలాంటి గీత, కె అక్షరం, పక్కన అంకె ముద్రించిన లైటు కొని నిలకడగానే వెలిగించాలి. బ్రిటన్‌లో 2005 నుంచి అనుమతి ఉంది, నిమిషానికి 60 నుంచి 240 సార్లు మిణుకుమనేవాటికి. అమెరికాలో రాష్ట్రానికో రూలు, మీ రాష్ట్రం సైటులో చూసుకోండి. చీకటి పడ్డాక మాత్రం డే ఫ్లాష్ ఆపేయండి, ఎదుటివాళ్ల కళ్లు బైర్లు కమ్ముతాయి.

చలికాలంలో బ్యాటరీ త్వరగా దిగుతుంది. సున్నా డిగ్రీల కన్నా కింద లిథియం బ్యాటరీని ఛార్జి చేస్తే పాడవుతుంది, ఇంట్లోకి తెచ్చి వెచ్చబడ్డాకే పెట్టండి. ఛార్జింగ్ రంధ్రానికి ఉన్న రబ్బరు మూత సరిగా నొక్కకపోతే ఒక్క వానకే లోపల తుప్పు పడుతుంది.

లైటు చేయలేని పని ఒకటుంది. శీతాకాలపు సూర్యుడు కిందనే ఉంటాడు. మీ నీడ ముందుకి సాగుతుంటే ఎదురొచ్చే డ్రైవరు కళ్లల్లో ఎండ ఉన్నట్టు, వెనక్కి పడుతుంటే మీ వెనకున్నవాడి కళ్లల్లో ఉన్నట్టు. అలాంటప్పుడు కూడలిలో వేగం తగ్గించి, కారు నిజంగా ఆగిందా లేదా చూసుకుని కదలండి.

సైకిల్‌కి తాళం వేశాక లైట్లు రెండూ తీసి జేబులో వేసుకోండి. రైల్వే స్టేషన్ల దగ్గర సైకిల్ మిగిలినా లైట్లు మిగలవు.