లెక్చరర్ మాటకు పిల్లలు నిజంగా అంత కుంగిపోతారా?

మీ అమ్మాయి బెంగళూరులో ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతోంది, ల్యాబ్‌లో సార్ ఏదో అన్నాడని కాలేజీకి పోనంటోంది, ఒక్క మాటకే ఇంత చేస్తారా అని అడిగారు. చేస్తారండీ. నేనూ అలాగే అయ్యాను.

అయితే అరిచే లెక్చరర్ల గురించి అనవసరంగా భయపడతారు అందరూ. మా మ్యాథ్స్ మేడమ్ గొంతు కారిడార్ చివరిదాకా వినిపించేది. అసైన్‌మెంట్ ఇవ్వకపోతే కడిగి పారేసేవారు. సాయంత్రం స్టాఫ్‌రూమ్‌కి వెళ్తే మాత్రం కుర్చీ లాగి కూర్చోబెట్టి, లెక్క మొదటినుంచి చెప్పేవారు. ఆవిడ తిట్లకు మాలో ఎవరికీ నిద్ర చెడలేదు. నవ్వుతూ అనేవాళ్లతోనే చిక్కంతా.

నేను చదివింది కర్ణాటకలోనే, అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయం వీటీయూ కింద ఉన్న ఓ కాలేజీలో. ఆ రోజు ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ వైవా. బ్రెడ్‌బోర్డ్ మీద ఆంప్లిఫయర్ చక్కగా పనిచేస్తోంది, సిగ్నల్ చూపించే సీఆర్‌వో తెరమీద సైన్ వేవ్ కదలకుండా నిలబడింది. ఎమిటర్ దగ్గరి కెపాసిటర్ తీసేస్తే గెయిన్ ఎందుకు తగ్గుతుందని సార్ ఇంగ్లిషులో అడిగారు. జవాబు తెలుసు. ఇంటర్ దాకా తెలుగు మీడియం కదా, వాక్యం కూడబలుక్కుంటున్నాను. "ఏ ఊరు?" అన్నారు. కదిరి అన్నాను. "అక్కడ వేరుశనగ బాగా పండుతుందట కదా, ఇదంతా నీకెందుకయ్యా?" అని రికార్డు మూసేసి బ్యాచ్ వైపు తిరిగారు, నవ్వు కోసం. నవ్వారు. ఇంటర్నల్స్ మార్కులు ఆయన చేతిలో ఉంటే నవ్వక ఏం చేస్తారు?

కదిరి పరిశోధనా కేంద్రం వేరుశనగ రకాలను కర్ణాటక రైతులూ వేస్తారని ఆయనకెవరు చెప్పాలి?

ఆ తర్వాత ఆ ల్యాబ్ ఉన్న రోజు పొద్దున టిఫిన్ గొంతు దిగేది కాదు. మిగతా క్లాసుల్లో కూడా తెలిసిన ప్రశ్నకు చెయ్యి ఎత్తడం మానేశాను. కాబట్టి సార్ ఏమన్నాడని మీ అమ్మాయిని గుచ్చి గుచ్చి అడక్కండి. అప్పుడు చుట్టూ ఎవరున్నారో, ఎవరు నవ్వారో చెప్పనివ్వండి. ఇంట్లో చెప్పుకోలేకపోతే 14416కి ఫోన్ చేయమనండి. అది టెలి మానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

విశాఖలో నీట్‌కి చదువుతున్న అమ్మాయి మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట కౌన్సెలర్ ఉండాలని, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లైనా శిక్షణ ఇవ్వాలని చెప్పింది. మంచిదే. కానీ మా కాలేజీలో కౌన్సెలర్ గది ప్రిన్సిపల్ గది పక్కనే ఉండేది. ఆ తలుపు తట్టేంత ధైర్యం ఉన్నవాడికి కౌన్సెలర్ అవసరమే లేదు.

ఇక లెక్చరర్ల మీద ఫీడ్‌బ్యాక్ ఫామ్ అని ఒకటుంది. యూఎస్ఎన్‌తో, అంటే మన రోల్ నంబరుతో లాగిన్ అవ్వాలి, అదీ ఇంటర్నల్స్ మార్కులు ఎక్కించకముందే. "అన్నీ 5 పెట్టేయండ్రా" అని సీఆర్, అంటే క్లాస్ లీడర్, గ్రూపులో మెసేజ్ పెడతాడు, అందరం పెడతాం. ఆ రేటింగులు చూపించే టీచర్స్ డే నాడు మా సార్‌కి శాలువా కప్పారు.