భారత ఫుట్‌బాల్ జట్టు చరిత్ర రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మన ఫుట్‌బాల్ జట్టు చరిత్ర రాస్తానన్నావు. మంచిదే. ముందు ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలో తేల్చుకో. చాలామంది 1911లో కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్ ఐఎఫ్ఏ షీల్డ్ టోర్నీ గెలవడంతో మొదలుపెడతారు. అది క్లబ్బు విజయం, దేశం జట్టుది కాదు; ఒక్క వాక్యం చాలు. 1938 ఆస్ట్రేలియా పర్యటనకు ఒక పేరా ఇవ్వు. స్వతంత్ర భారత జట్టు లెక్క మాత్రం 1948 జులై 31న లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో ఆడిన మ్యాచ్ నుంచి వేసుకో. 2-1తో ఓడాం, అదీ రెండు పెనాల్టీలు పోగొట్టుకుని.

రాయడానికి ముందే పట్టిక గీసుకో: తేదీ, ఊరు, టోర్నీ, ప్రత్యర్థి, స్కోరు, గోల్స్ వేసినవాళ్లు, కోచ్, ఆధారం. ఆధారం గడిలో రెండు పేర్లు పడేదాకా ఆ వరస పెన్సిల్‌తోనే ఉండనీ. ప్రత్యర్థి పేరు ఆనాటిదే రాయి: బర్మా, యుగోస్లావియా, దక్షిణ వియత్నాం. పాత పేపర్లు తిరగేసేటప్పుడు మ్యాచ్ మర్నాటి సంచికతో ఆగకు, ఆ పై రోజుది కూడా చూడు.

1950 ప్రపంచకప్ దగ్గర జాగ్రత్త. బూట్లు లేవని పంపలేదన్న కథ అందరి నోటా ఉంది. బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో మనకు చోటు దక్కిన మాట నిజం. వెళ్లకపోవడానికి మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ చెప్పిన కారణాలు మాత్రం ప్రాక్టీసుకు సమయం చాలకపోవడం, జట్టు ఎంపికలో విభేదాలు. అప్పట్లో మనవాళ్లకి ఒలింపిక్సే గొప్ప. పైగా 1952 హెల్సింకిలో కూడా చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడారు, యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. బూట్లు తప్పనిసరి చేసింది ఆ తర్వాతే.

స్కోరు ఒక్కటీ రాస్తే చరిత్ర కాదు, అక్కడిదాకా ఎలా వచ్చారో కూడా రాయాలి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం అనగానే ఛాతీ పొంగుతుంది. కానీ హంగరీ రాకపోవడంతో మొదటి రౌండు ఆడకుండానే దాటాం. ఆస్ట్రేలియాపై 4-2, అందులో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. ఆపై యుగోస్లావియాతో 4-1, బల్గేరియాతో 3-0 ఓటములు. ఇవన్నీ రాస్తే ఘనత తగ్గదు, నమ్మకం పెరుగుతుంది. 1964 ఆసియా కప్ రన్నరప్ కూడా అంతే: ఆడింది నాలుగు జట్లే.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ స్వర్ణానికి మాత్రం పేజీలు ఎక్కువ కేటాయించు. గ్రూపులో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడి, థాయ్‌లాండ్, జపాన్‌లను గెలిచి, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం అతణ్ణి వెనక నుంచి తీసి ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. సెప్టెంబర్ 4 ఫైనల్లో అదే కొరియాపై 2-1: ఒక గోల్ పీకే బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. స్టేడియం మనవాళ్లని ఎందుకు గేలిచేసిందో కూడా రాయి: ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వనందుకు మన దేశపు ఒలింపిక్ ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టడం మీద కోపం అది. రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ కోచ్ కూడా; ఆ జట్టులో ఆడిన బలరాం సికింద్రాబాద్ వాడు. మన ఊరి అభిమానం అక్కడ ఒక పేరా దాటనీయకు.

1970 బ్యాంకాక్ కాంస్యం తర్వాత లెక్కల్లో ఇంకో గొయ్యి. ఒలింపిక్స్ 1992 నుంచి, ఏషియన్ గేమ్స్ 2002 నుంచి అండర్-23 వాళ్లవి (కొందరు సీనియర్లకు మినహాయింపుతో). వాటిని సీనియర్ జట్టు ఖాతాలో కలపకు.

బతికున్న ఆటగాళ్ల అంకె పక్కన తేదీ వెయ్యి. సునీల్ ఛెత్రి 2024 జూన్‌లో రిటైరైనప్పుడు 94 గోల్స్. 2025 మార్చిలో తిరిగొచ్చి మాల్దీవులపై ఇంకోటి కొట్టాడు. పాత అంకెలు ఇంకా చాలా చోట్ల అలాగే పడున్నాయి.

పట్టిక ఇరవై వరసలు కాగానే పంపు. పేర్ల స్పెల్లింగులు చూసిపెడతాను.