అమ్నీషియా ఆటల్ని దీపం చూసి పోల్చు

చి. హర్షకు,

బాబాయి ఆశీస్సులు. అమ్నీషియా అనే హారర్ వీడియోగేమ్ సిరీస్‌లో నాలుగూ ఆడి, ఏది ఎందుకు భయపెడుతుందో రాస్తానన్నావుగా. కథల జోలికి తర్వాత వెళ్లొచ్చు. ముందు ఒక్కో ఆటలో వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తోందో, ఎప్పుడు అయిపోతోందో చూడు. సీక్వెల్స్‌లో ఏం మారిందో అక్కడే తేలిపోతుంది.

వరసగా ఆడు. మొదటిది 2010లో వచ్చిన ది డార్క్ డిసెంట్. 1839, ప్రష్యాలో బ్రెన్నెన్‌బర్గ్ కోట, చేతిలో ఆయుధం లేదు. చీకట్లో నిలబడితే నువ్వు నడిపే డేనియల్‌కి మతి చెదురుతుంది, లాంతరు వెలిగిస్తే మాన్‌స్టర్ కంట్లో పడతావు. ఆటంతా ఈ ఇరకాటమే. కొత్తవాళ్లు లాంతరు ఆర్పకుండా తిరిగి, నూనె అయిపోయాక గోడలు తడుముకుంటారు. వెతికేటప్పుడే లాంతరు తియ్యి. మళ్లీ రావలసిన గదిలోనే టిండర్‌బాక్స్ (నిప్పు రాజేసే డబ్బా) ఖర్చుపెట్టి కొవ్వొత్తి వెలిగించు. మాన్‌స్టర్ వస్తే దానికేసి చూడకు, చూసినా మతి తగ్గుతుంది. మూలకి వంగి గోడవైపు తిరిగి కూర్చో.

దీనికో బలహీనత ఉంది. నువ్వు చచ్చి లేచేసరికి ఆ మాన్‌స్టర్ చాలాసార్లు అక్కడ ఉండదు, దాంతో భయం సగం దిగిపోతుంది. 2018లో చేర్చిన హార్డ్ మోడ్‌లో ఆ వెసులుబాటు లేదు: ఆటోసేవ్ (ఆట తనంతట తానే సేవ్ కావడం) ఉండదు, ఒక్కో సేవ్‌కీ 4 టిండర్‌బాక్సులు పోతాయి, మతి సున్నాకొస్తే చావే.

2013 నాటి ఎ మెషీన్ ఫర్ పిగ్స్ తీసింది వేరే స్టూడియో, ది చైనీస్ రూమ్. 1899 చివరి లండన్. దీపం కరెంటుది, ఎంతసేపైనా వెలుగుతుంది. మతి లెక్క లేదు, సామాన్ల సంచీ లేదు. మాన్‌స్టర్ దగ్గరికొస్తే దీపం మినుకుమంటుంది, అంటే హెచ్చరిక ముందే అందిపోతుంది. కథ బలమైనదే, ఆట మాత్రం పలచన. రీబర్త్ (2020) 1937లో అల్జీరియా ఎడారిలో, అగ్గిపుల్లలతో నడుస్తుంది. దొరికిపోయినా గేమ్ ఓవర్ పడదు, కథ ముందుకే సాగుతుంది. రెండుసార్లు దొరికితే నీకే అర్థమవుతుంది, ఇక జంకు ఉండదు.

ఎక్కువ సమయం ది బంకర్ (2023) మీద పెట్టు. మొదటి ప్రపంచ యుద్ధపు ఫ్రెంచి బంకర్. జనరేటర్‌లో పెట్రోలు పోసినంతసేపే లైట్లు. జేబు గడియారాన్ని దానితో కలుపుకో, ఎంతసేపుందో తెలుస్తుంది. లైట్లు పోతే మాన్‌స్టర్ గోడల కన్నాల్లోంచి బయటికొస్తుంది. టార్చికి తాడు లాగి తిప్పాలి, ఆ చప్పుడుకే అది వచ్చేస్తుంది. రివాల్వర్ ఉంది, తూటాలు కొన్నే. కాల్చినా చావదు, కాసేపు తప్పుకుంటుంది, అంతే. సేవ్ చేసుకోవాలంటే ఆఫీసు గదికి తిరిగి రావాలి. అందుకే బయల్దేరే ముందు ఒకే పని ఎంచుకో: పెట్రోలు డబ్బానా, తలుపు తీయడమా. రెండూ పెట్టుకున్నావా, తిరుగుదారిలో చీకటి పడుతుంది.

నాలుగింటికీ హెడ్‌ఫోన్స్ పెట్టుకో. గామా (తెర వెలుతురు సెట్టింగు) మాత్రం ఆట అడిగిన చోటే ఉంచు. పెంచావంటే నువ్వు పోల్చేది నాలుగు ఆటల్ని కాదు, నీ మానిటర్‌ని.

బంకర్‌కి యూట్యూబ్‌లో చూసిన లాకర్ కోడ్ కొట్టకు, అది ఆట ఆటకీ మారుతుంది. కోడ్ కోసం చచ్చిన సైనికుల డాగ్‌ట్యాగ్ (మెడలోని గుర్తింపు బిళ్ల) తీసి వెనక్కి తిప్పి చూడు.

ఇట్లు,
బాబాయి