దోహాలో ఆరు గంటలు: అమ్మానాన్నల్ని లాంజ్‌కి పంపాలా, గేటు దగ్గరే కూర్చోమనాలా?

మీరు చెప్పింది ఇదీ: అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డల్లాస్ వస్తున్నారు. రావడం ఖతార్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాస్, తిరిగి వెళ్లడం ఎకానమీ. దోహాలో ఆరు గంటలు ఆగాలి. ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి "ఎందుకొచ్చిన గొడవ, గేటు దగ్గరే కూర్చుంటాం" అంటున్నారు. మా అమ్మ కూడా ఇదే మాట అంది. నేను పక్కన ఉన్నాను కాబట్టి వినకుండా తీసుకెళ్లాను.

నన్నడిగితే లాంజ్‌కి, అంటే ఎయిర్‌పోర్టులో కూర్చుని తిని, సేదదీరే ప్రత్యేక గదికి, తప్పకుండా పంపండి. తిండి కోసం మాత్రం కాదు, స్నానం కోసం.

దానికంటే ముందు టికెట్ తెరిచి ఒకటి చూడండి. చవకగా దొరికిందన్నారు కదా, అది "బిజినెస్ లైట్" రకం కాదు కదా? ఖతార్ వాళ్ల బిజినెస్‌లో అన్నిటికంటే తక్కువ ధర టికెట్ అది. విమానంలో సీటు, భోజనం మిగతా బిజినెస్ వాళ్లతో సమానమే గానీ లాంజ్ మాత్రం రాదు, విడిగా కొనుక్కోవాలి. బిజినెస్ అంటే అన్నీ వస్తాయనుకుని పెద్దవాళ్లు లాంజ్ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి రావడం బాగుండదు. ఈ సంగతి ఇంట్లో ఉండగానే తేల్చుకోండి.

శంషాబాద్‌లో లాంజ్ గురించి పెద్దగా ఆలోచించకండి. గల్ఫ్ వైపు విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే, అప్పటికి ఇంట్లో అన్నం తినే బయల్దేరతారు. చెక్-ఇన్ కౌంటర్లో ఏ లాంజో చెప్తారు. ఇమిగ్రేషన్, సెక్యూరిటీ అయ్యాక టైం మిగిలితే కాసేపు కూర్చోవచ్చు, లేకపోతే పోయిందేమీ లేదు. క్రెడిట్ కార్డు గీకి వెళ్లే లాంజులతో నాకు వేరే ఊళ్లో ఒకసారి చేదు అనుభవం అయింది. పెళ్లి భోజనాల దగ్గర బంతి ఎప్పుడు లేస్తుందా అని కుర్చీ వెనక నిలబడ్డట్టు నిలబడితే, చివరికి మా వంతు వచ్చేసరికి "గత మూడు నెలల్లో మీ కార్డు మీద ఖర్చు సరిపోలేదండీ" అన్నారు. ఆ షరతు బ్యాంకు ఎప్పుడు పెట్టిందో ఆ దేవుడికే తెలియాలి. ఎయిర్‌లైన్ సొంత లాంజ్‌లో ఈ తలనొప్పి లేదు. బోర్డింగ్ పాస్ చూపిస్తే చాలు.

దోహాలో ఖతార్ బిజినెస్ వాళ్ల లాంజ్ పేరు అల్ ముర్జాన్. ఇవి రెండున్నాయి. పాతది సౌత్ వైపు, పసుపు రంగు పెద్ద ఎలుగుబంటి బొమ్మ ఉన్న హాలుకి దగ్గర. విస్తీర్ణం 10,000 చదరపు మీటర్లు, మధ్యలో నీళ్ల కొలను, పై అంతస్తులో భోజనాలు. రెండోది నార్త్ వైపు, 2023లో తెరిచారు. దాని కింద కనిపించే తోట పేరు ఆర్చర్డ్, గాజు కప్పు కింద 300 పైచిలుకు చెట్లు పెంచారు. రెండింటిలో ఏది బాగుంటుందని చర్చ పెట్టుకోకండి. డల్లాస్ ఫ్లైట్ గేటు ఎటువైపు పడితే అటువైపుది. ఆ ఎయిర్‌పోర్టులో ఈ కొస నుంచి ఆ కొసకి లోపల రైలు వేశారంటే దూరం మీరే ఊహించుకోండి. మోకాళ్ల నొప్పులున్న మనిషిని చెట్లు చూపిద్దామని అంత దూరం నడిపించడం దండగ.

ఇక స్నానం. లోపలికి వెళ్లగానే, ఏదీ తినకముందే, షవర్ల దగ్గర పేరు చెప్పమనండి. అమెరికా ఫ్లైట్లు కదిలే వేళల్లో అక్కడ వెయిటింగ్ ఉంటుంది. మా అమ్మ మొదట ససేమిరా అంది, "ఎవరో స్నానం చేసిన చోట నేను చెయ్యను" అని. అటెండెంట్ తలుపు తీసి చూపించాక లోపలికి తొంగి చూసి, నేల తడి లేదని పాదంతో రాసి మరీ నిర్ధారించుకుని, అప్పుడు చీర మార్చుకునే సంచీ అందుకుంది. తాళం ఎలా పడుతుందో, వేణ్నీళ్లు ఎటు తిప్పితే వస్తాయో నేను బయటి నుంచి కేకేసి చెప్పాల్సి వచ్చింది. మీ వాళ్లు ఇద్దరే వస్తున్నారు కాబట్టి కుళాయి తిప్పి చూపించమని అటెండెంట్‌ని ముందే అడగమనండి, విసుక్కోకుండా చూపిస్తారు. తువ్వాళ్లు, సబ్బు అక్కడే ఉంటాయి. మార్చుకునే బట్టలు మాత్రం చెక్-ఇన్ సామానులో పడెయ్యకుండా చేతి సంచీలో పెట్టాలి, అది మీరే గుర్తు చెయ్యాలి. రాత్రంతా నిద్ర లేదు, ముందు ఇంకో పదహారు గంటల విమానం ఉంది. ఆ మధ్యలో తలమీద నాలుగు చెంబుల వేణ్నీళ్లు పడితే మనిషి తేరుకుంటుంది. బయటికి వచ్చాక అమ్మ మొహం చూస్తే తెలిసిపోయింది. అప్పుడడిగింది కాఫీ.

తిండి విషయంలో వాళ్లని ఆపేది మొహమాటమే. కాఫీ తీసుకుంటూ "దీనికెంత?" అంది అమ్మ, కేకు ముక్క దగ్గర మళ్లీ "దీనికెంత?". మనలాంటి వాళ్లకి కాదేమో అన్న ఆ బెరుకు ఊరికే వచ్చింది కాదులెండి. 1939లో న్యూయార్క్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదటి లాంజ్ తెరిచినప్పుడు నిజంగానే పిలుపు ఉన్నవాళ్లకే ప్రవేశం. ఇప్పుడు అంతా టికెట్‌లోనే కలిసి ఉంటుందని, అడిగి తెప్పించుకున్నా ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదని రెండుమూడు సార్లు చెప్పి పంపండి. శాకాహారులైతే పప్పు సూపు, రొట్టె, హమ్మస్, పెరుగు, పళ్లు చూసుకోవచ్చు. హమ్మస్ అంటే ఉడికించిన కాబూలీ సెనగల ముద్దే, నువ్వులు, నిమ్మరసం, నూనె కలిపి. అన్నం ఉన్నా అందులో ఏం కలిపారో అడక్కుండా పెట్టుకోవద్దనండి. మా అమ్మ అన్నీ తలా కాస్త రుచి చూసి, చివరికి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర డబ్బానే తీసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆవకాయ మాత్రం చేతి సంచీలో వద్దు. దోహాలో మారేవాళ్లకి మళ్లీ సెక్యూరిటీ చెకింగ్ ఉంటుంది, నూనె తేలేవేవీ లోపలికి పోనివ్వరు. నాన్నగారికి అలవాటుంటే మందు కూడా ఉచితమేనని ఆయనకి ఎలాగూ ఎవరో ఒకరు చెప్తారు. పదహారు గంటల ప్రయాణం అని మీరు గుర్తు చెయ్యండి.

అసలు టెన్షన్ ఒక్కటే, ఫ్లైట్ తప్పిపోవడం. లాంజ్‌లో ఎవరో వచ్చి పేరు పెట్టి పిలుస్తారని కూర్చోకూడదు, స్క్రీన్ చూసుకోవాల్సింది మనమే. గేటు మారే అవకాశం కూడా ఉంది. అమెరికా ఫ్లైట్లకి గేటు దగ్గర పాస్‌పోర్టు, వీసా మరోసారి చూస్తారు, ప్రశ్నలు అడుగుతారు, కాబట్టి బోర్డింగ్ పాస్ మీద ఉన్న బోర్డింగ్ టైంకి ముప్పావు గంట ముందే లేవమనండి. ఫోన్‌లో అలారం దోహా టైంకి పెట్టాలి. ఇండియా టైం కంటే అది రెండున్నర గంటలు వెనక.

వీల్‌చైర్ పెట్టారా? పెట్టకపోతే ఇప్పుడే పెట్టండి, నడవగలిగినా సరే. అయితే ఏమీ చెప్పకపోతే వీల్‌చైర్ వాళ్లు తమ వెయిటింగ్ ఏరియాలోనో, గేటు దగ్గరో కూర్చోబెట్టి వెళ్లిపోయే అవకాశం ఉంది. "అల్ ముర్జాన్ లాంజ్‌కి తీసుకెళ్లండి, ఫలానా టైంకి మళ్లీ రండి" అని ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. లాంజ్ రిసెప్షన్‌లో కూడా అదే కాగితం చూపించమనండి, వాళ్లే ఫోన్ చేసి పిలిపిస్తారు. హిందీ వస్తే చాలావరకు పని జరిగిపోతుంది. మా అమ్మ కుర్చీ తోసిన అబ్బాయిది జగిత్యాల దగ్గర పల్లెటూరు. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని, గేటు వచ్చేదాకా అమ్మతో ఊళ్లో వానల గురించే మాట్లాడాడు.

తిరుగు ప్రయాణం ఎకానమీ కాబట్టి అల్ ముర్జాన్ ఉండదు. డబ్బు కట్టి వెళ్లే లాంజులు దోహాలో వేరే ఉన్నాయి. ఆగేది మూడు గంటల లోపైతే వాటికి పెట్టడం అనవసరం. వెనక్కి వాలే కుర్చీలున్న క్వయట్ రూములు టెర్మినల్‌లోనే ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. లోపల కాస్త చలి ఎక్కువ, శాలువా చేతికందేలా ఉంచమనండి.