రేపటికి మూడు, ఎల్లుండికి ఐదు

ఏ పూట ఏమవుతుందో తెలియని రోజుల్లో మీకు ధైర్యమిచ్చే చిన్న సంతోషం ఏమిటని అడిగారు. నాకైతే సీతాఫలాలు మాగబెట్టడం. తినడం కన్నా మాగబెట్టడమే నాకు ఎక్కువ ఇష్టం. ఎందుకో చెప్పాలంటే 2020 సంగతి చెప్పాలి.

అప్పుడు నేను జడ్చర్లలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. మార్చిలో కరోనా వల్ల బడి మూతపడింది. ఏప్రిల్‌లో సగం జీతం ఇచ్చారు, మే నుంచి అదీ లేదు. ఎప్పుడు ఫోను చేసినా "చూద్దాం మేడం" అన్న ఒక్క మాటే. మా ఆయన ఆటో ఇంటి ముందే ఆగిపోయింది. ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించేసరికి 2021 ఏప్రిల్ వచ్చింది. అన్నాళ్లు అద్దె ఎక్కడి నుంచి తెస్తాం? బాలానగర్ దగ్గర మా అత్తమ్మ ఊరికి వెళ్లిపోయాం.

బాలానగర్ అంటే పాలమూరు వాళ్లకు సీతాఫలమే. ఆ ఊరి పేరుతో ఒక రకమే ఉంది, మహారాష్ట్ర రైతులు కూడా ఆ పేరుతోనే తోటలు వేస్తారు. మా అత్తమ్మ ఊళ్లో మాత్రం ఆ చెట్లు గుట్టల మీద, గట్ల వెంట, బండల సందుల్లో వాటంతట అవే మొలుస్తాయి. ఎవరూ నీళ్లు పెట్టరు, మందు కొట్టరు. ఆకు వాసనకు మేకలు కూడా మూతి పెట్టవు. వానలు పడితే చాలు, బతుకమ్మ నాటికి కాయ సిద్ధం.

ఒకరోజు తెల్లవారుజామున అత్తమ్మ నన్ను, మా పాపను గుట్టకు తీసుకెళ్లింది. నేను చేతికందిన పెద్ద కాయ తెంపబోతే ఆపింది. "అది ఇంకా కళ్లు తెరవలేదు బిడ్డా. ఇప్పుడు తెంపితే రాయిలా నల్లబడుతుంది తప్ప పండదు" అంది. పక్క కొమ్మ వంచి చూపించింది. కన్నుకూ కన్నుకూ మధ్య గీతలు వెడల్పయి, పచ్చదనం పోయి లేత పసుపు తేలాయి. "ఇది తెరిచింది. దీన్ని కోయి." పద్దెనిమిదేళ్లు పుస్తకాలు చదివిన నాకు ఆ తేడా అప్పటిదాకా తెలియదు.

ఇంటికొచ్చాక గంప అడుగున వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, మళ్లీ గడ్డి వేసి గోనెసంచి కప్పింది. మరునాటి నుంచి మా పాపకు అదే పని. పొద్దున లేవగానే సంచి ఎత్తి, ఒక్కో కాయను తొడిమ దగ్గర బొటనవేలితో మెల్లగా తాకి, "రేపటికి మూడు, ఎల్లుండికి ఐదు" అని లెక్క చెప్పేది. మూడో రోజు లెక్క వింటున్నప్పుడు నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆరు నెలలుగా మా ఇంట్లో రేపు అన్న మాట వస్తే అద్దె గురించో, అప్పు గురించో వచ్చింది. ఆ పిల్ల నోట అది పండు గురించి వచ్చింది. అత్తమ్మ ఏమీ అడగలేదు. ఒక పండును రెండు అరచేతుల మధ్య పెట్టి విప్పి, పెద్ద సగం నాకిచ్చింది.

అందుకే ఎవరైనా సానుకూలంగా ఆలోచించమని ఉపన్యాసం చెబితే నాకు కోపం వస్తుంది. చేతిలో జీతం లేనివాడు దేని గురించి ఆలోచించాలో కూడా చెప్పాలి కదా. అంతకన్నా కోపం కాయ కళ్లు తెరవకముందే గుట్ట మొత్తం దులిపేసి ఆటోలకెత్తే వ్యాపారుల మీద. చాలా కాయలు దారిలోనే నల్లబడి పారబోతకు పోతాయి. ఇక బెంగళూరు హైవే పక్క గుట్టలను చదును చేసి ప్లాట్ల రాళ్లు పాతుతుంటే నాకు కడుపు రగిలిపోతుంది. ఆ చెట్లను ఎవరూ నాటలేదు కాబట్టి నరికితే అడిగేవారూ లేరు.

ఇప్పుడు వేరే బడిలో చేస్తున్నాను. జీతం ఇప్పటికీ పదో తేదీ దాటాకే వస్తుంది. సీజన్ రాగానే మా ఆయన ఊరి నుంచి గంపెడు తెస్తాడు, మా పాప మంచం కింద పెట్టుకుని లెక్క చెబుతుంది. మీకు గుట్ట దగ్గర లేకపోతే బజారులోనే కొనండి. కళ్లు తెరిచినవే ఏరుకోండి, పండేదాకా ఫ్రిజ్‌లో పెట్టకండి, తోలు నల్లబడుతుంది. పండిందో లేదో చూడాలంటే మధ్యలో నొక్కకండి, తొడిమ దగ్గర తాకండి.